బ్యాగుల మామ

వారణాసి
14 డిసెంబర్ 2023

అత్తమ్మా,

నేను మంచిగనే దిగిన. గంతవరకు చదివి ఉత్తరం మడిచి పెట్టెయ్యకు, ఇంకో ముచ్చట ఉన్నది. జర కూసొని చదువు.

నీకు ఫోన్‌ల నా మాట వినపడది. మెసేజ్ పెడితే అద్దాలున్నా అక్షరాలు చీమల లెక్క కనపడ్తయంటవు. కుమార్‌తోని చెప్పిద్దామంటే, ఇది ఇంకొకల నోట నీకు చేరుడు నాకిష్టం లేదు. అందుకే రాస్తున్న.

మామ బ్యాగు కింద వేసిన్రు అత్తమ్మా.

చెకింగ్ కాడ ఏం లొల్లి కాలే. బ్యాగు మిషన్‌లకెల్లి పోతాంటే ముంత గుండ్రంగ కనపడ్డది. అక్కడున్న మేడమ్ 'యే క్యా హై' అన్నది. శ్మశానంల ఇచ్చిన కాగితం చూపెట్టి, మా మామ అస్తికలు, గంగల కలపనీకి తీస్కపోతున్న అన్న. ఆమె చెయ్యి కండ్లకద్దుకొని పంపింది. నాకు ధైర్యమొచ్చింది. మామ తమ్ముని కొడుకని కుమారే తలకొరివి పెట్టిండు గని కాశి పోనీకి సెలవు దొరకలే, నేను ఎట్లాగూ ఆరు నెలల రీసెర్చ్‌కు ఈడికే వస్తున్నని నన్ను నమ్మి నా చేతుల పెట్టినవు. ఆ పని అయితున్నది అనుకున్న.

విమానంల మన ఎంబడి ఏడు కిలోల బ్యాగు ఒక్కటే ఉండాలె. తూకం సరిపోయింది. గని ఎక్కే కాడ ఒక ఇనుప చట్రం పెట్టిన్రు, బ్యాగు ఆ చట్రంల పట్టాలె. నువ్వు ఆఖరికి 'కాశిల చలి, ఆయనకు పడది' అని మామ స్వెటర్ కుక్కినవు చూడు, ముందల జేబు ఉబ్బి పట్టలే. పైన జాగ లేదు, కింద సామాన్లల్ల వేస్తమన్నరు. 'ఈ బ్యాగుల మా మామ ఉన్నడు' అని నోరుజారిన. ఎనకున్నోళ్లు నవ్విన్రు. ముంత బట్టల అడుగున ఉన్నది. లైన్‌ల అందరి ముందట లోపలి బట్టలన్నీ బయటేసి తియ్యాలంటే సిగ్గయింది. విలువైనవి ఉంటే తీస్కోమన్నరు. లాప్‌టాప్ తీస్కున్న. మామను తియ్యలే.

ఈడ బెల్టు మీద అందరి సామాన్లు వచ్చినయి, మన బ్యాగు రాలే. బెల్టు గుడ ఆపేసిన్రు. ఎక్కడున్నా తెచ్చిస్తమని రాసుకున్నరు. దొరుకుతది. నువ్వు పరేషాన్ గాకు, పొద్దుకింత తిను.

నీ మేనకోడలు
జ్యోతిర్మయి


తార్నాక
22 డిసెంబర్ 2023

బిడ్డా జ్యోతీ,

ఉత్తరం ముట్టింది. పరేషాన్ గాకు అని రాస్తే మనిషి ఎక్కువ పరేషాన్ అయితదని నీకు ఏ కాలేజీల చెప్పలేదా?

'కింద వేసిన్రు' అని ఎట్ల రాసినవే? అస్తికలు భూమికి తాకొద్దని గదనే, నువ్వు పోయిందాక జామచెట్టుకు వేలాడగట్టింది? ఎట్ల వేసిన్రు, ఎవ్వల కాళ్లల్ల పడ్డదో అని రాత్రంత నిద్రలేదు. తెల్లారి పక్కింటి చిట్టెమ్మకు ఉత్తరం చూపెడితే, 'కింద అంటే నేల గాదు, విమానం కడుపుల' అని సమజు చేసింది. కడుపుల అంటే పర్వలేదు. జర చూసి రాయాలె బిడ్డా.

స్వెటర్ తోనే ఇదంత అయిందంటవు. అను. ఆయనకు చలికాలం వస్తే దగ్గు. సచ్చినోనికి దగ్గేంది అని నీకు అనిపిస్తది, నాకు చేతులు ఊకోలే.

అసలు ముచ్చట ఇది గాదు. బ్యాగు ఎందుకు రాలేదో నాకు ఎరుకే. ఆ పొద్దు బ్యాగు వీపుకేసుకొని గేటు దాటుకుంట 'పోయొస్త' అన్నవు. సావు ఇంట్లకెల్లి పోయేటోళ్లు ఎవ్వలన్న ఆ మాట అంటరా? పరామర్శకొచ్చిన చుట్టాలే చెప్పకుంట, ఎనకకు చూడకుంట లేచి పోయిన్రు. పోయొస్త అంటే సావు మళ్ల వస్తదని. నువ్వేమో ఆయనను వీపు మీద పెట్టుకొని అంటివి. ఇగ ఆయన రాడా?

వచ్చిండు. ఇంట్లనే ఉన్నడు. ఎట్ల తెలుసు అని మాత్రం అడగకు.

స్నానం చన్నీళ్లతోని చెయ్యకు.

అత్తమ్మ


వారణాసి
30 డిసెంబర్ 2023

అత్తమ్మా,

నా ఉత్తరాలు చిట్టెమ్మకు చూపెట్టకు. రేపు సీతాఫల్‌మండి దాక తెలుస్తది.

ఈడ పొద్దున తొమ్మిదైనా మంచు పోదు. ఎదురుంగ మనిషి వచ్చేది కాళ్లు కనపడ్డంకనే తెలుస్తది. నా బట్టలన్నీ బ్యాగులనే పోయినయి గద, రూంమేట్ పూర్ణిమ బట్టలు తొడుక్కొని తిరుగుతున్న. ఆమె పొట్టి, నేను పొడుగు. నన్ను చూస్తే నువ్వు నవ్వి సస్తవు.

బ్యాగు జాడ దొరికింది. అసలు విమానమే ఎక్కలేదట. కంప్యూటర్ల అట్లనే చూపెడ్తున్నదట. మామ ఇంకా హైదరాబాద్‌లనే ఉన్నడు. శంషాబాద్‌ల ఏ మూలకున్నదో దేవులాడుతున్నరు.

ఇగ నువ్వన్న మాట. నేను 'పోయొస్త' అనలే అత్తమ్మా. మామ మీద ఒట్టు. నోటిదాక వచ్చింది, చిన్నప్పటి సంది అలవాటు గద. నాలిక కరుచుకున్న. గేటు కాడ అసలు నోరే తెరవలే, నీ దిక్కు సుత చూడలే. చూస్తే ఏడుస్తనని సక్కగ పోయి ఆటో ఎక్కిన. నువ్వు నా పెదవులు చూసి పొరబడ్డవు అనుకుందమంటే, నా మొఖం రోడ్డు దిక్కే ఉండె.

ఇంట్ల ఉన్నడు అని రాసినవు, నాకు రెండొద్దులు అన్నం సయించలే. ఒక్కదానివే ఉంటున్నవు, గట్ల అనిపిస్తుండొచ్చు. కుమార్‌ను వచ్చి పండుకోమన్నా?

జ్యోతి


తార్నాక
7 జనవరి 2024

జ్యోతీ,

'మామ హైదరాబాద్‌లనే ఉన్నడు' అని నువ్వే రాసినవు. అదే మాట నేనంటే మాత్రం కుమార్‌ను పండుకోమంటవా? కుమార్ గురక చిట్టెమ్మ ఇంటికి సుత వినపడ్తదట. రామంతాపూర్‌ల పెండ్లాం పక్కనే గురకపెట్టుకోమను.

నువ్వు అనలేదంటే నమ్ముతున్న. మామ మీద ఒట్టు పెట్టినంక నమ్మకుంట ఎట్లుంట? గని నమ్మినంక భయం ఎక్కువైంది. ఎందుకో చెప్త, విను.

నేను ఆ మాట చూడలే బిడ్డా. విన్న.

నువ్వు పుట్టకముందు నాకు టైఫాయిడ్ వచ్చి చెవులు పోయినయి. నీ గొంతు ఎట్లుంటదో నాకు తెల్వది. పెండ్లిల బ్యాండు తెల్వది, తార్నాక చౌరస్తల బస్సులు తెల్వవు. ఎవ్వలేమన్నా పెదవులు చూసి తెలుసుకుంట. నువ్వు గేటు దాటిన పొద్దు నేను వాకిట్ల కిందికి చూసుకుంట నిలబడ్డ, ఏడుపు ఆపుకుంట. అప్పుడు చెవుల పడ్డది. 'పోయొస్త.' నువ్వు అన్నదైతే నాకు వినపడకపోవాలె గద. అప్పటికి ఏడుపుల ఆ ఆలోచన రాలే, నువ్వే అన్నవనుకున్న.

ఆ తెల్లారి సంది రోజు వినపడ్తున్నది. పొద్దుగాల, ఆయన డ్యూటీకి పోయే యాళ్లకు, గడప కాడకెల్లి. ఒక్కసారే. ఇంకో చప్పుడు లేదు. కుక్కర్ సీటీ వినపడది, అది ఒక్కటే వినపడ్తది.

ఇంకోటి చెప్తే నువ్వు జడుసుకుంటవు గని చెప్త. అది ఈ మధ్య ఆయన గొంతు గాదు. ఈ మధ్య ఆయన గొంతు ఎట్లుండెనో నాకేం ఎరుక? నా చెవులు పోకముందు విన్న గొంతు. పెండ్లైన కొత్తల, యూనివర్సిటీ లైబ్రరీల నౌకరి దొరికినప్పటి పిలగాని గొంతు. ఇన్నేండ్లు మర్చిపోయిన అనుకున్న.

భయమైతున్నది. సంతోషం గుడ అయితున్నది. రెండు ఒక్కపారే అయితే ఏం జెయ్యాలె?

అత్తమ్మ


వారణాసి
15 జనవరి 2024

అత్తమ్మా,

నీ ఉత్తరం చదివినంక రూంల లైట్ ఆర్పనియ్యలే నేను. పూర్ణిమ తిట్టింది.

పూర్ణిమ చదివేది చెవి, ముక్కు, గొంతు డాక్టరీ. పేరు చెప్పకుంట అడిగిన. చెవులు పోయినోళ్లకు ఒక్కొక్కసారి మెదడు తనంతట తనే చప్పుళ్లు చేసుకుంటదట. పాత పాటలు, పాత గొంతులు. ముఖ్యంగ మనసుకు దెబ్బ తాకినప్పుడట. అది పిచ్చి గాదు, భయపడేది గాదు అన్నది. ఒకసారి చూపెట్టుకుంటే మందులున్నయట.

కుమార్‌కు ఫోన్ చేసి చెప్పిన. నల్లకుంటల మంచి డాక్టరున్నడు, తీస్కపోతా అన్నడు. నాకోసం పో. కాదనకు.

బ్యాగు సంగతి ఇంకా తేలలే. రోజు ఫోన్ చేస్తున్న, రోజు కొత్త మనిషి ఎత్తుతడు. రోజు మొదటికెల్లి చెప్పాలె. లోపల ఏమున్నయి అంటరు. బట్టలు, చార్జర్, రెండు పుస్తకాలు, స్వెటర్, మా మామ. ఆఖరిది చెప్పంగనే ఫోన్ ఇంకొకల చేతికిస్తడు.

నీ జ్యోతి


తార్నాక
27 జనవరి 2024

జ్యోతికి,

కుమార్ వచ్చి తీస్కపోయిండు. డబ్బ లాంటి రూంల కూసోబెట్టి, చెవులకు తగిలిచ్చి, చప్పుడు వినపడితే బటన్ ఒత్తుమన్నరు. ఏం వినపడలే, ఒత్తలే. బయటికొచ్చి చూస్తే కుమార్ మొఖం చిన్నబోయి ఉన్నది. నీకు మాత్రం చెప్పుకున్న అనుకున్న నేను. ముగ్గురికి తెలిసింది, నువ్వు ముందుగాల డాక్టర్ దగ్గరికి తోలినవు. పోనియ్యి. మనసుల ఉంచుకోను. ఉంచుకున్న, గని పోతది.

ఇంటికొచ్చిన తెల్లారే బ్యాగు వచ్చింది.

అవునే, ఇక్కడికే. కట్టిన చీటీ తెగిపోయిందట. లోపలి మడతల ఆయన స్కెచ్ పెన్నుతోని పేరు, తార్నాక అడ్రస్ రాసుకున్నడు గద, క్యాంపస్‌ల అందరి బ్యాగులు ఒక్క తీరుగుంటయని. అది చూసి పంపిన్రు. తెచ్చిన పిలగాడు గేటు కాడ నిలబడి 'రాంచందర్ గారున్నరా' అన్నడు. నేను పెదవులు చూసి, 'ఉన్నడు' అన్న. 'జర పిలువుండ్రి, సంతకం కావాలె' అన్నడు. ఆయన ఆ పిలగాని చేతులనే ఉన్నడు, యాడికెల్లి పిలువాలె? నేనే సంతకం పెట్టిన.

ఆ బ్యాగు ఇంతకుముందు ఒకసారి ఇట్లనే ఇంటికొచ్చింది. ఆయన క్యాంపస్ రోడ్డు మీద పడిపోయిన నాడు పోరగాళ్లు ఆయనను దవఖానకు తీస్కపోయి, బ్యాగు నాకు తెచ్చిచ్చిన్రు. టిఫిన్ డబ్బ ఇప్పకుంట అట్లనే ఉండె. అప్పుడు బ్యాగు ఒక్కటే వచ్చింది. ఈసారి ఆయనను తీస్కొని వచ్చింది.

జామచెట్టుకు కట్టలే. లోపలికి తెచ్చిన. ఆయన కుర్చీల పెట్టిన. తప్పని నాకు ఎరుకే, నువ్వు రాయాల్సిన పని లేదు. చిట్టెమ్మ చూసి అటుకెల్లి అటే పోయింది. ఇప్పుడు రోజు మా గుమ్మం ముందట సాంబ్రాణి వేస్తున్నది. పొమ్మనలేక పొగబెట్టుడు అంటే ఇదే. ఎవ్వలను పొమ్మంటున్నదో, ఆయననో నన్నో.

బ్యాగు వచ్చినప్పటి సంది ఆ మాట ఇంకింత దగ్గర వినపడ్తున్నది. నేను ఆయనను పంప బిడ్డా. పంపిస్తే ఆ గొంతు పోతది. ఈ దునియాల నాకు వినపడేది ఒక్క మాట. అది గంగల కలుపుమంటవా?

అత్తమ్మ


వారణాసి
4 ఫిబ్రవరి 2024

అత్తమ్మా,

కోపం చేసుకో, గని చెప్త.

అస్తికలు ఇంట్ల పెట్టుకొని ఎన్నొద్దులుంటవు? చిట్టెమ్మ రాదు, పాలాయన గేటు బయట పెట్టి పోతున్నడట, కుమార్ పెండ్లాం పిల్లలను పంపనంటున్నదట. ఇగ నువ్వు, ఆ కుర్చీ. నన్ను సుత రావద్దంటవా? చదువుకొచ్చిన కొత్తల క్యాంపస్ హాస్టల్ల అన్నం తినలేక ఆదివారం ఆదివారం మీ ఇంటికే ఉరికొచ్చిన. అప్పుడు మామ నా మాటలు నీకు పెదవులతోని చెప్తుండె, నాకు అప్పటికి నీతోని మాట్లాడుడు రాకపోయె. గా మామను నువ్వు బ్యాగుల కూసోబెట్టి కాపలా కాస్తున్నవు.

నాకు మామ మీద ప్రేమ లేదనుకోకు. విమానం కాడ ఆయనను తియ్యకపోతినని ఇప్పటికి కలల్ల బెల్టే తిరుగుతున్నది, ఖాళీగ.

ఒక్కటి అడుగుత. ఆయన ఎన్నడన్న 'వచ్చిన' అన్నడా? నీ పేరు పిలిచిండా? ఎప్పటికి 'పోయొస్త' అనే అంటడు అంటవు. ఇంట్ల ఉండనీకి వచ్చిన మనిషి పోయొస్త అని ఎందుకంటడు అత్తమ్మా?

జ్యోతి


తార్నాక
14 ఫిబ్రవరి 2024

బిడ్డా,

నీ ఉత్తరం చింపేద్దమనుకున్న. 'కాపలా' అన్న మాటకు మస్తు కోపమొచ్చింది. పొయ్యి దాక తీస్కపోయి, మళ్ల చదివిన.

ఎందుకంటడు అని అడిగినవు. నిజమే, ఎందుకంటడు? వచ్చినోడు నీళ్లియ్యి అంటడు, చాయ్ పెట్టు అంటడు.

నీకు తెల్వని ముచ్చట ఒకటున్నది. నా చెవులు పోయినంక ఆయన ఒక అలవాటు చేసుకున్నడు. పొద్దుగాల బ్యాగు వీపుకేసుకొని, గడపల నిలబడి పోయొస్త అంటడు. అని కదలడు. నేను మొఖం తిప్పి, ఆయన పెదవులు చూసి, 'పోయిరా' అనాలె. అప్పుడే పోతడు. నేను పనిల పడి చూడకపోతే మళ్ల అంటడు, మళ్ల నిలబడ్తడు. ఎన్నిసార్లు లేటయి లైబ్రరీల మాట పడ్డడో. భుజం తట్టరాదా అంటే, 'తడితే జడుసుకుంటవు' అనేటోడు.

ఆయన పడిపోయిన పొద్దు నేను పప్పుకు పోపు వెడుతున్న. మళ్లి చూసేవరకు గడపల లేడు. ఏం తొందరుండెనో, ఆ ఒక్క పొద్దు జవాబు లేకుంటనే పోయిండు. క్యాంపస్ గేటు దాటిండు, అంతే.

ఆయన వచ్చిండు, వచ్చిండు అని రాసిన నీకు. రాలే బిడ్డా. అసలు పోనేలే. గడపల నిలబడ్డడు. నేను జవాబు చెప్తనని నిలబడ్డడు. ఇన్నొద్దుల సంది రోజు అడుగుతుండు, నేను సంబరంగ వినుకుంట కూసున్న.

ఇది సమజైన తెల్లారి ఆయన అనంగనే గడప దిక్కు తిరిగిన. చెప్దామని నోరు తెరిచిన. 'పోయి' దాక వచ్చి ఆగిపోయిన. పోయిరా అంటే మళ్ల వస్తడు గద. నువ్వు అననే లేదు, అన్నవని నిన్ను తిట్టినదాన్ని, నేనెట్లంట? 'రా' తీసేసి చెప్పాలె. ఉత్తగ 'పో' అనాలె. మనిషిని ఎన్నడన్న పో అంటమా? కుక్కనంటం, పిల్లినంటం. పగోడు ఇంట్లకెల్లి పోతున్నా పోయిరా అనే అంటం. కట్టుకున్నోన్ని గడపల నిలబెట్టి పో అనుడు నాతోని గాలే. నోరు మూసుకున్న. ఆయన ఎప్పటి లెక్క ఆ ఒక్కసారి అని ఊకున్నడు.

గీ ఇంట్ల నాతోని గాదు. ఆడికే వస్త. నీళ్ల కాడ ధైర్యమొస్తదేమో. కుమార్ టికెట్ తీసిండు, ఎక్కిస్తడు, నువ్వు దించుకో. బ్యాగు నా ఎంబడే ఉంటది, ఎవ్వలకియ్య. నీ బట్టలు, పుస్తకాలు తీసి వేరే సంచిల కట్టిన, అవి కావాలంటే కడుపుల వేసుకోని. స్వెటర్ నేను తొడుక్కొని వస్త. అప్పుడు చట్రంల పట్టదని ఎట్లంటరో చూస్త.

అత్తమ్మ


తార్నాక
10 మార్చి 2024

జ్యోతీ,

ఇల్లు చేరిన. నువ్వు కట్టిచ్చిన పూరీలు దారిల తిన్న, కూర పారేసిన. అండ్ల ఉప్పు లేదు.

పడవల నా మొఖమే చూసుకుంట కూసున్నవు. ఒడ్డుకొచ్చినంక 'నీళ్లల్ల వంగి ఏమన్నవత్తమ్మా' అని అడిగినవు. అప్పుడు చెప్పలే. ఇప్పుడు రాస్త.

ముందుగాల విమానం సంగతి. ఎక్కే కాడ చట్రం పక్కన నిలబడ్డ పిల్ల బ్యాగు దిక్కు చెయ్యి చాపి ఏదో అన్నది. నేను చెవు చూపెట్టి తలకాయ అడ్డంగ ఊపిన. మళ్ల అన్నది, మళ్ల ఊపిన. ఎనక లైన్ పెరిగింది, ఇగ పోనిచ్చింది. చెవుడు గుడ ఒక్కొక్కసారి అక్కెరకొస్తది. లోపల కూసున్నంక మాత్రం బ్యాగు ముందు సీటు కిందికి, కాళ్ల కాడికి తొయ్యమన్నరు. మొగన్ని కాళ్ల కాడ పెట్టుకుంటనా? నేను చెప్పులిడిచి, కాళ్లు సీటు మీదికి మడుసుకొని కూసున్న. కాశి దాక అట్లనే. మోకాళ్లు ఇప్పటికి గుంజుతున్నయి.

పడవల పంతులు ముంత నా చేతులకిచ్చినప్పుడు ఆయన అన్నడు. పొద్దుగాల గాదు, గడప లేదు, గని అన్నడు. నా చెవు పక్కకే. నువ్వు ఎదురుంగనే ఉన్నవు, నీకు వినపడలే, నీ మొఖంల తెలిసింది. నేను నీళ్లల్లకు వంగి 'పో' అన్న. నా గొంతు నాకు వినపడది గద, సరిగ అన్ననో లేదో అని ఇంకోసారి గట్టిగ అన్న. పంతులు తలకాయెత్తి చూసిండు, తననే అన్ననేమో అనుకున్నడు. ముంత వంచిన. రా అనలే బిడ్డా. పండ్లు కరిచిపట్టుకొని ఆ ఒక్క అక్షరం లోపలే ఆపిన. అది ఇంకా గొంతులనే ఉన్నది, అన్నం మింగుతుంటే అడ్డం తలుగుతున్నది.

ఇంటికొచ్చిన తెల్లారి, ఆయన పోయే యాళ్లకు పొయ్యి బంద్ చేసి గడప దిక్కు చూసుకుంట కూసున్న. ఎండ లోపలిదాక వచ్చింది. మళ్ల తెల్లారి కూసున్న. ఇయ్యాల గుడ కూసున్న. ఏం లేదు. చిట్టెమ్మ వచ్చిపోతున్నది, పాలాయన లోపలిదాక వస్తున్నడు, కుమార్ పిల్లలు వచ్చి జామకాయలు తెంపుకొని పోయిన్రు. అందరు మంచి పని చేసినవు అంటున్నరు. నేను గుడ అంటున్న.

ఇన్నేండ్లు నన్ను చెవిటిది అంటుంటే నేను మనసుల ఒప్పుకోలే. నాకేం తక్కువ, ఆయన పెదవులున్నయి గద అనుకునేదాన్ని. ఆయన పోయినంక గుడ ఒక్క మాట మిగిలే. అది సుత నేనే పొమ్మన్న.

ఇప్పుడు చెవిటిదాన్నైన బిడ్డా. నువ్వు ఉత్తరాలు రాసుడు ఆపకు.

అత్తమ్మ